రేణిగుంట దాకా బస్సెక్కిన అమ్మకు

ఈ వారం ఒకే ఉత్తరం తీసుకున్నాను. బ్లౌజు కొలతలు రాసుకునే పుస్తకంలోంచి చించిన నాలుగు కాగితాలు. ఒకదాని వెనక ఎవరిదో చేతి పొడవు, మెడ లోతు అట్లాగే ఉన్నాయి. రాసినావిడది తిరుపతి. పేరు రాయలేదు, నాకూ అక్కర్లేదు.

ఆమెకు నలభై దాటాయి. ఇంట్లోనే మిషను కుడతారు. భర్త కొండకు జీపు తోలతాడు, సీజన్లో ఇంటికొచ్చేదే తక్కువ. పాపకు పదహారు నిండాయి, ఇంటరు మొదటి సంవత్సరం. బాబు తొమ్మిదో తరగతి. మూడు వారాల కిందట పాప కాలేజీ బ్యాగు ఉతుకుదామని తీస్తే టిఫిను డబ్బా పెట్టుకునే అరలో చిన్న అట్టపెట్టె, అందులో ఖాళీ రేకు దొరికాయి. ఒక్క మాత్ర పట్టే రేకు. "మా వీధి మెడికల్ షాపులో అడిగితే సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుందని రేణిగుంట దాకా బస్సెక్కిపోయి, ముక్కూ మొహం తెలీని షాపులో చూపించినాను. ఆ పిల్లోడు నన్నొకసారి, రేకునొకసారి చూసి నవ్వినాడు. అది దేని మాత్రో చెప్పినాక బస్సులో ఎట్ల కూర్చున్నానో నాకే తెలీదు" అని రాశారు.

ఆ సాయంత్రం పాపను చెంప మీద కొట్టారు. "అది నాది కాదుమా, నా ఫ్రెండుది" అందట. ఫోను లాక్కున్నారు. అప్పటినుంచి పాప అన్నం తింటుంది, కాలేజీకి పోతుంది, అమ్మతో మాట్లాడదు. భర్తకు ఇంకా చెప్పలేదు. అవ్వకు మాత్రం వాసన తగిలింది. "ఇంగేం చూస్తావే, నీ తమ్ముడుండాడు గదా, పరీక్షలు అయిపోతానే మూడు ముళ్ళు వేయించేద్దాం" అంటోంది. తమ్ముడికి ఇరవై ఏడు, చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని. వచ్చే ఆదివారం అతను ఇంటికొస్తున్నాడు, ఆ మాట అప్పుడే ఎత్తుతారని ఈమెకు భయం.

అడిగినవి ఇవి. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళి "పిల్ల బాగుందా లేదా" చూపించాలా? కాలేజీ మాన్పించాలా? ఆయనకు చెప్పాలా? కూర్చోబెట్టి ఇవన్నీ మాట్లాడితే తెలీనిది నేనే నేర్పినట్టు కాదా?

అమ్మా, మీ ఉత్తరం చదివాక నా మనసు ఆ రేణిగుంట బస్సు దగ్గరే ఆగిపోయింది. ఇద్దరు బిడ్డల్ని కన్న మీరే ఒక మాత్ర సంగతి తెలుసుకోవడానికి పది కిలోమీటర్లు పోయి, ఒక కుర్రాడి నవ్వు భరించి వచ్చారు. పదహారేళ్ళ పిల్లకు బస్సెక్కి పోయేంత దూరంలో కూడా అడగడానికి మనిషి లేరు. అది గుర్తు పెట్టుకుని మిగతాది చదవండి.

ముందు ఆ మాత్ర సంగతి. అది కలయిక తర్వాత కడుపు నిలవకుండా వేసుకునేది, షాపుల్లో 72 గంటల మాత్ర అంటారు. లెవోనార్జెస్ట్రెల్ అనే మందు, 1.5 మిల్లీగ్రాములు. డాక్టరు చీటీ లేకుండానే ఇస్తారు. కలయిక తర్వాత మూడు రోజుల్లోపు వేసుకోవాలి, ఎంత తొందరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది. అండం విడుదల కావడాన్ని వెనక్కి నెడుతుంది, అంతే. అప్పటికే కడుపు నిలిచి ఉంటే ఇది ఏమీ చేయలేదు. అబార్షన్ మాత్రలు వేరే. ఇది వేసుకుంటే ఇంక పిల్లలే పుట్టరనేది ఉత్తమాట. వేసుకున్న రెండు గంటల్లోపు వాంతి చేసుకుంటే మళ్ళీ వేసుకోవాలి. ఆ నెల ముట్టు కొంచెం ముందో వెనకో అవుతుంది, వారం కంటే ఆలస్యమైతే పరీక్ష చేసి చూడాలి. మాత్ర వేసుకున్నాక మళ్ళీ కలిస్తే దానికి ఈ రక్షణ ఉండదు. సుఖరోగాలను, హెచ్ఐవీని ఇది ఆపదు, దానికి కండోమే గతి.

ఇప్పుడు లెక్క చూడండి. శుక్రవారం సాయంత్రం ఏదైనా జరిగితే సోమవారం సాయంత్రానికి గడువు తీరిపోతుంది. ఆ మూడు రోజుల్లో పిల్ల ఎవరికి చెప్పుకుంటుందో, కథ ఆ దారిన పోతుంది. మీ పాప మాట నిజమే కావచ్చు, ఆ మాత్ర స్నేహితురాలిదే కావచ్చు. ఇంట్లో బ్యాగులు వెతికే అమ్మ ఉన్న పిల్ల ఇట్లాంటివి స్నేహితురాలి బ్యాగులో దాచిపెడుతుంది. ఎవరిదైనా సరే, ఆ మూడు రోజుల్లో ఒక పదహారేళ్ళ పిల్ల ఇంకో పదహారేళ్ళ పిల్లకే చెప్పుకుంది. రెండు ఇళ్ళలోనూ అమ్మలు ఉండి కూడా. మీ చెంపదెబ్బతో ఆ వరసలో మీరు ఇంకాస్త వెనక్కి పోయారు. దెప్పిపొడవడానికి అనడం లేదమ్మా. నేనూ ఆడపిల్లను పెంచినదాన్నే, వేరే సంగతిలో నా చెయ్యీ ఒకసారి లేచింది. ఆ తర్వాత రెండేళ్ళు అది నాకు మార్కులు కూడా నిజం చెప్పలేదు.

రేకు దొరికి మూడు వారాలైంది కాబట్టి పాపకు ఈ నెల ముట్టు వచ్చిందా అనేది ఈ రోజే తెలియాలి. ప్యాడ్ల ప్యాకెట్టు తరిగిందేమో చూద్దామనిపిస్తుంది. వద్దు. అమ్మ లెక్కపెడుతోందని తెలిసిన పిల్ల ఊరికే రెండు తీసి పారేస్తుంది. అడగండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే అది పోలీసు స్టేషనులా ఉంటుంది. మీరు తిరుపతిలో ఉన్నారు, అలిపిరి మెట్లున్నాయి. 3,550 మెట్లు పక్కపక్కన ఎక్కుతుంటే ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు, ఆయాసం వచ్చినప్పుడు మాట ఆగిపోయినా తప్పుగా అనిపించదు. కొండకు పోతూ ఇవా మాట్లాడేది అంటారేమో. బిడ్డ క్షేమం మాట్లాడితే దేవుడు ఏమీ అనుకోడు. అంత వీలు కాకపోతే స్కూటీ మీద వెనక కూర్చోబెట్టుకుని అయినా అడగండి.

మాటలు ఇట్లా ఉండొచ్చు: "ఆ పొద్దు నేను కొట్టింది తప్పు. నీదా నీ ఫ్రెండుదా అని ఇప్పుడు అడగను. ఈ నెల నీకు ముట్టు వచ్చిందా, అది మాత్రం చెప్పు. రాకపోతే ఇద్దరం కలిసి చూసుకుందాం." తర్వాత నోరు మూసుకోవాలి. ఆ మూసుకోవడమే కష్టం. గాలిగోపురం దాకా ఏమీ మాట్లాడకపోయినా మీరు నింపకండి.

ముట్టు రాలేదంటే పరీక్ష పట్టీ తెచ్చి ఆమె చేతికివ్వండి, బాత్రూము బయట నిలబడకండి. పొద్దున లేచిన వెంటనే వచ్చే మూత్రం చుక్కలు వేసి ఐదు నిమిషాలు ఆగితే చాలు. ఒక గీత వస్తే లేదు, రెండు వస్తే ఉంది. కలయిక జరిగి మూడు వారాలు దాటి ఉంటే ఆ ఫలితాన్ని నమ్మొచ్చు.

రెండు గీతలు వస్తే కూడా దారులున్నాయి. మన అబార్షన్ చట్టం 1971 నాటిది, 2021లో మార్చారు. 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం సరిపోతుంది. పద్దెనిమిది నిండని పిల్లకైతే 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో చేయొచ్చు. గార్డియన్‌గా మీ సంతకం కావాలి. తిరుపతిలో ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రి ఉంది, అక్కడికే పోండి. ఎవరో ఇచ్చిన మాత్రలు ఇంట్లో గుట్టుగా మింగించడం మాత్రం చేయకండి. సగం పడి సగం ఆగి, రక్తం ఆగక అర్ధరాత్రి ఆస్పత్రికి పరిగెత్తే ఇళ్ళు ఉన్నాయి. ఉంచుకుంటానని పాప అంటే ఆ మాటా వినాలి, ఆ వయసు కాన్పులో రక్తం తక్కువవడం, బీపీ పెరిగి ఫిట్సు రావడం, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం ఎక్కువని డాక్టరు చేతనే చెప్పించాలి. ఎటువైపైనా పిల్లను బలవంతపెట్టే హక్కు మనకు లేదు.

ఇక్కడ దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది. పద్దెనిమిది నిండని పిల్ల అయితే ఆమె ఇష్టపడే జరిగినా పిల్లలపై లైంగిక నేరాల మీద 2012లో తెచ్చిన పోక్సో చట్టం దాన్ని నేరంగానే చూస్తుంది. తెలిసినవాళ్ళు ఎవరైనా పోలీసులకు చెప్పాలని ఆ చట్టంలోనే ఉంది, డాక్టరుకూ తప్పదు. ఈ భయంతోనే చాలామంది ఆస్పత్రి గడప తొక్కరు. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఒక వెసులుబాటు ఇచ్చింది. పిల్ల, ఆమె గార్డియన్ కోరితే డాక్టరు ఆ సమాచారంలో పిల్ల పేరు, వివరాలు ఇవ్వక్కర్లేదు. డాక్టరమ్మతో ఆ మాట మీరే ఎత్తండి. అబ్బాయి వయసును బట్టి వాడికీ పరిణామాలు ఉంటాయి. పందొమ్మిదేళ్ళవాడైతే జైలు, పదిహేడైతే పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు. ఇది మీ పాపకు ముందుగా తెలియాల్సిన సంగతి, బెదిరింపుగా చెప్పకండి.

ఇంకో ప్రశ్న మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మీరు అడగలేదు, అవ్వ అడగలేదు. నీకు ఇష్టమయ్యే జరిగిందా? ఎవరైనా బెదిరించారా, ఫొటోలున్నాయని అన్నారా? పెద్దవాడా, తెలిసినవాడా, మన ఇంటికి వచ్చిపోయేవాడా? అందరం "ఎవడు" అని మొదలుపెడతాం, "ఎట్లా జరిగింది" అని అడగం. బలవంతమని తెలిస్తే 1098కి చేయండి, పిల్లల కోసం పెట్టిన నంబరది, రాత్రయినా పలుకుతారు. ప్రమాదం అప్పటికప్పుడు ఉంటే 112. అప్పుడు దాచే ప్రశ్నే లేదు.

డాక్టరమ్మ చేత చూపించి "బాగుందా లేదా" తేల్చుకోవడం అన్నారు. అట్లాంటి పరీక్ష లోకంలో లేదమ్మా. కన్నెపొర చూసి ఎవరూ ఏదీ చెప్పలేరు, పుట్టుకతోనే అది ఒక్కొక్కరికీ ఒక్కో తీరుగా ఉంటుంది. ఈ పరీక్షలకు శాస్త్రం లేదు, మానుకోండని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. అత్యాచార కేసుల్లో చేసే రెండు వేళ్ళ పరీక్షను కూడా ఎవరైనా చేస్తే తప్పుగా పరిగణిస్తామని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో గట్టిగా అంది. మీరు తీసుకెళ్ళినా మంచి డాక్టరు చేయదు. చేసే డాక్టరు దొరికితే మీకొచ్చేది ఒక అబద్ధపు జవాబు, పాపకు మిగిలేది అమ్మే నన్ను అక్కడ పడుకోబెట్టిందనే మాట. డాక్టరు దగ్గరికి పోండి, పాప కోసం పోండి: ముట్టు సరిగా వస్తోందా, రక్తం ఎంతుంది, మంట, దురద ఏమైనా ఉన్నాయా. లోపల పాప ఒక్కతే మాట్లాడేట్టు మీరు కాసేపు బయటికి రండి. 2014 నుంచి పది నుంచి పందొమ్మిదేళ్ళ పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ఒకటి నడుస్తోంది, ఆ కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో కౌమార క్లినిక్కులు ఉంటాయి. మీ వీధి ఆశా కార్యకర్త ఎంత మంచిదైనా మీ వీధిదే కదా, మనసు ఒప్పకపోతే నేరుగా పెద్దాస్పత్రికి పోవడంలో తప్పులేదు.

ఇంక అవ్వ వైద్యం. ఆమె చెడ్డది కాదు, ఆమె కాలంలో ఇదే మందు. కానీ ఈ మందే జబ్బు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో పదిహేను నుంచి పందొమ్మిదేళ్ళ ఆడపిల్లల్లో దాదాపు 13 శాతం మంది అప్పటికే తల్లులో గర్భవతులో. దేశం మొత్తం మీద చూస్తే 7 శాతం లోపే. ఈ పదమూడు మందీ ఎవరితోనో తిరిగి కడుపు తెచ్చుకున్నారనుకోకండి. చాలావరకు పెళ్ళిపందిట్లోంచి నేరుగా కాన్పు గదికి వచ్చిన పిల్లలే. "పిల్ల ఎక్కడ కడుపు తెచ్చుకుంటుందో" అని భయపడి, ఏడాది తిరక్కుండా మనమే తెప్పిస్తాం, దానికి సీమంతం కూడా చేస్తాం.

చట్టం సంగతి మీ అమ్మగారికి అర్థమయ్యేట్టు చెప్పాలంటే ఇట్లా చెప్పండి. పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేస్తే 2006 నాటి బాల్య వివాహాల చట్టం ప్రకారం రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. అది పెళ్ళికొడుక్కీ, చేయించిన పెద్దలకూ. అక్కడితో ఆగదు. భార్య అయినా పద్దెనిమిది లోపు పిల్లతో కాపురం అత్యాచారమేనని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, 2024 జూలై నుంచి వచ్చిన కొత్త శిక్షాస్మృతిలోనూ అదే ఉంది. పాప పదిహేడేళ్ళకు గర్భంతో ఆస్పత్రికి పోతే ఆధార్ కార్డు చూస్తారు, పుట్టిన తేదీ రాసుకుంటారు, పోలీసులకు తెలుపుతారు. పోక్సోలో పిల్లను గర్భవతిని చేయడం తీవ్రమైన నేరం, కనీసం ఇరవై ఏళ్ళు. ఆ పొద్దు కోర్టు మెట్ల మీద నిలబడేది మీ తమ్ముడు. మనవరాలిని కాపాడుకుందామని కొడుకును జైలుకు పంపే పని ఇది అని ఆమెకు చెప్పండి, ఆ ఒక్క మాట పట్టుకుంటుంది. మేనరికంలో జబ్బులు పిల్లలకు దిగే అవకాశం ఎక్కువనే సంగతి డాక్టర్లు ఎప్పటినుంచో చెప్తున్నదే, మన సీమలో ఎవరూ వినడం లేదనుకోండి.

కాలేజీ మాన్పిస్తే? రెండు నెలలు మీకు నిద్ర పడుతుంది. తర్వాత పాపకు ఇంట్లో చేసే పని ఉండదు, చుట్టాలకు సంబంధాలు చూసే పని దొరుకుతుంది. ఫోను సంగతీ అంతే, లాక్కున్నది ఈ వారం తిరిగివ్వండి, రాత్రి పది తర్వాత ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లోనే ఛార్జింగు పెట్టాలని నియమం పెట్టండి. అందరి ఫోన్లూ అన్నాను, బాబుదీ మీ ఆయనదీ కలిపి.

నేర్పినట్టు కాదా అన్న మీ ప్రశ్నకు ఒకటి గుర్తు చేస్తాను. పాప పెద్దమనిషయినప్పుడు మీ ఇంట్లో ఏం చేశారు? పచ్చాకు మీద కూర్చోబెట్టారు, చిమ్మిలి తినిపించారు, మేనమామ చీర పెట్టాడు. బహుశా వీధి చివర ఫ్లెక్సీ కూడా కట్టి ఉంటారు, మన జిల్లాలో పట్టుచీరలో పిల్ల ఫొటో లేని కూడలి ఉందా? అంటే ఈ పిల్లకు ఇప్పుడు గర్భం నిలవగలదు అని ఊరంతటికీ చెప్పాం. ఆ పిల్లకు తప్ప. నాకు చేసినప్పుడు మా అత్తలు పాటలు పాడారు, "ఇంక మొగపిల్లోళ్ళతో ఆడొద్దు" అన్నారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. నేను చాలా రోజులు పక్కన కూర్చుంటే కడుపొస్తుందనుకుని క్లాసులో ఒణికాను. మీ పాప అట్లా లేదు, దాని చేతిలో ఫోనుంది, అందులో బూతు వీడియోలు నేర్పే పాఠాలున్నాయి. మీరు చెప్పకపోతే అవే చెప్తాయి. ఇట్లాంటి సంగతులు తెలిసిన పిల్లలు తొందరపడతారన్నది నిజం కాదని, చాలాచోట్ల ఆలస్యమే చేశారని యునెస్కో 2018లో తెచ్చిన మార్గదర్శకాల్లో దేశదేశాల అధ్యయనాలు చూసి రాశారు.

ఒక్కరోజులో అంతా చెప్పక్కర్లేదు. మొదటిసారి కలిసినా కడుపు రావొచ్చు. ముట్టు ముందో తర్వాతో "సేఫ్" అని అబ్బాయిలు చెప్పే లెక్క నమ్మొద్దు. ఇష్టం లేదంటే ప్రేమించినవాడైనా ఆగాలి, ఆగనివాడిది ప్రేమ కాదు. బట్టల్లేని ఫొటో ఎవరడిగినా పంపొద్దు, పంపేసి ఉంటే అమ్మకు చెప్పు. ఇవి కుడుతూ, గుండీలు తగిలిస్తూ చెప్పే మాటలే. "ఈ వయసులో వద్దనేదే నా మాట" అని మీ అభిప్రాయం కూడా చెప్పండి, దాచక్కర్లేదు. దాని పక్కనే "నా మాట దాటి ఏదైనా జరిగినా మొదట నాకే చెప్పు, అర్ధరాత్రయినా సరే, ఆ పొద్దు తిట్టను" అనేది కూడా చెప్పండి. తిట్లు నాలుగో రోజుకు వాయిదా వేసుకోవచ్చు.

ఆయనకు చెప్పాలా అంటే, అది మనిషిని బట్టి ఉంటుంది, మీరు అతని గురించి రాసింది రెండు వాక్యాలే. చెయ్యి చేసుకునే మనిషైతే ఫలితం తేలేదాకా ఆగండి, ఆ తర్వాత కూడా పాపకు ముందే చెప్పి చెప్పండి. నెమ్మది మనిషైతే ఇప్పుడే చెప్పడం మేలు, ఆదివారం మీకు తోడు కావాలి. ఇంకొక పని ఆయనకే పెట్టండి. తొమ్మిదో తరగతి బాబు గురించి మీరు ఉత్తరంలో ఒక్క ముక్కా అడగలేదు. రెండేళ్ళలో వాడు ఎవరింటి పాప బ్యాగులోనో ఆ రేకు ఉండటానికి కారణం కావచ్చు. జీపులో పక్కన కూర్చోబెట్టుకుని వాడితో మాట్లాడటం నాన్న పని.

ఆదివారం తమ్ముడు వచ్చినప్పుడు ఎవరూ మాట ఎత్తకముందే మీరే ఎత్తండి. "పాపకు పద్దెనిమిది నిండేదాకా ఈ ఇంట్లో పెళ్ళి మాట లేదు, ఆ తర్వాత కూడా అది సరేనంటేనే" అని మీ అమ్మగారి ముందే అనండి. ఆ కుర్రాడికీ ఇష్టముందో లేదో ఎవరూ అడిగినట్టు లేదు, అతనే మీ వైపు రావచ్చు. ఆ మాట అనేటప్పుడు పాపను వంటింట్లోకి పంపకండి. వినేంత దగ్గరలో, మీ పక్కన కూర్చోబెట్టుకోండి.